నడవమనే ముందు నడిచే వీధి చూపండి

"రోజూ అరగంట నడవండి." ఏ వైద్యుడి చీటీ చూసినా మందుల పేర్ల కింద ఈ మాట కనబడుతుంది. రక్తపోటు ఉన్నవారికి, మధుమేహం ఉన్నవారికి, మోకాళ్ళ నొప్పుల వారికి, నిద్ర పట్టనివారికి అందరికీ ఇదే సలహా. నడక మంచిదనడంలో నాకు ఏ వివాదమూ లేదు. పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శారీరక వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో జీవిస్తున్నారని 2023లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం తేల్చింది. కాబట్టి ఆ సలహా సరైనదే. నా వివాదమంతా ఆ చీటీలో ఎవరూ రాయని తరువాతి పంక్తి గురించి: ఎక్కడ నడవాలి?

ఈ ప్రశ్నను బొల్లారం పేరుతోనే అడుగుతాను. బొల్లారం అనగానే కొందరు పాఠకులు రాష్ట్రపతి నిలయం ఉన్న సికింద్రాబాదు బొల్లారం అనుకుంటారు. అక్కడ చెట్ల నీడ ఉంది, కంటోన్మెంటు క్రమశిక్షణ ఉంది. నేను చెబుతున్నది సంగారెడ్డి జిల్లాలోని పారిశ్రామిక బొల్లారం గురించి. ఔషధ, రసాయన కర్మాగారాల గోడల మధ్య, ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్‌ల నుండి వచ్చిన కార్మికుల అద్దె గదుల మధ్య పెరిగిన ఊరు. ఇక్కడి బజారు వీధిని మీరు మధ్యాహ్నం రెండు గంటలకో, రాత్రి పది గంటలకో, అంటే షిఫ్టు మారే వేళ, ఒక్కసారి చూడండి. కర్మాగారం గేటు నుండి వందల మంది బయటికి వస్తారు. వారిలో ఎక్కువమందికి కారు లేదు, చాలామందికి బైకు కూడా లేదు. వారు నడుస్తారు. కిరాణా కొట్టుకు నడుస్తారు, టీ కొట్టుకు నడుస్తారు, ఫోను రీఛార్జికి నడుస్తారు, గదికి నడుస్తారు. వైద్యుడు చెప్పాడని కాదు, మరో దారి లేక. అదే సమయంలో అదే వీధిలోకి షేర్ ఆటోలు, డీసీఎం వ్యాన్లు, కంపెనీ బస్సులు, ఒక్కోసారి రసాయనాల ట్యాంకర్లు కూడా వస్తాయి. వీధి అంచున మురుగు కాలువ, కాలువ మీద సగం విరిగిన పలక, ఆ పలక మీద నిలిపిన బైకు. మిగిలిన జాగాలో మనిషి.

అంటే బొల్లారంలో పాదచారులు లేరనడం అబద్ధం. వీధి నిండా వారే. ఆ వీధిలో వారికంటూ కేటాయించిన ఒక్క అడుగు నేల మాత్రం లేదు.

ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేసిన కాలంలో ఇలాంటి వీధుల ఫలితాలను నేను క్షతగాత్రుల గదిలో చూశాను. పత్రికలకెక్కే ఘోర ప్రమాదాలు కొన్నే. ఎక్కువగా వచ్చేవి చిన్నవిగా కనిపించేవి: వెనక్కి వస్తున్న వ్యాను చక్రం కింద నలిగిన కాలివేళ్ళు, బైకు అద్దం తగిలి పడి మణికట్టు విరిగిన గృహిణి, కాలువ పలక తిరగబడి తొడ ఎముక విరిగిన వృద్ధుడు. డెబ్బై దాటినవారికి తొడ ఎముక విరగడమంటే ఏమిటో తెలుసా? మంచాన పడతారు, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, వీపున పుండ్లు పడతాయి. చాలామంది మళ్ళీ సొంతంగా నడవరు. మరణ ధ్రువపత్రంలో "న్యుమోనియా" అని ఉంటుంది. వీధి పేరు ఉండదు.

మరణాల లెక్క మాత్రం కేంద్ర ప్రభుత్వమే ఏటా ప్రచురిస్తున్నది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించారు. వారిలో 32,825 మంది పాదచారులు. అంటే చనిపోయిన ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరు ఏ వాహనమూ ఎక్కనివారు. ఒక జ్వరం వల్ల ఏటా ఇంతమంది చనిపోతే మనం టీకా అడుగుతాం, ఊరూరా శిబిరాలు పెట్టమంటాం. ఇక్కడ మాత్రం "చూసుకుని నడవాలి కదా" అంటాం.

ఈ మాటలు ఇప్పుడే చెప్పడానికి కారణముంది. బొల్లారం మారుతున్నది. ఒకప్పటి గ్రామం, తరువాత పారిశ్రామికవాడ, తరువాత పురపాలక సంఘం. 2025 నవంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఔటర్ రింగ్ రోడ్డు పరిధిలోని 27 పురపాలక సంస్థలను హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలపాలని నిర్ణయించినప్పుడు ఆ జాబితాలో అమీన్‌పూర్, తెల్లాపూర్‌లతో పాటు బొల్లారం కూడా ఉంది. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి. సుల్తాన్‌పూర్ వైపు వైద్య పరికరాల పార్కు వచ్చింది. ఇలాంటి మార్పు వచ్చినప్పుడు పాత బజారుకు మన నగరాల్లో సాధారణంగా రెండు గతులలో ఒకటి పడుతుంది. మొదటిది రోడ్డు విస్తరణ: రెండు వైపులా దుకాణాల ముందుభాగాలు కూల్చి, మధ్యలో డివైడరు కట్టి, వాహనాల వేగం పెంచి, మనిషి దాటడానికి పదుల మెట్లున్న ఇనుప వంతెన ఒకటి నిలబెట్టడం. రెండవది సుందరీకరణ: రాళ్ళు పరచి, రంగు దీపాలు పెట్టి, తోపుడు బండ్లను తరిమి, రిబ్బను కత్తిరించి, ఆరు నెలల్లో మరచిపోవడం.

ఈ రెండూ వద్దు. బొల్లారం బజారుకు కావలసినది పాదచారుల వీధి. దానిని కట్టడం సులభం, నడపడం కష్టం. మన ప్రభుత్వాలకు కట్టడానికి డబ్బు దొరుకుతుంది, నడపడానికి మనిషి దొరకడు.

రుజువు కోసం దూరం పోనక్కరలేదు. చార్మినార్ చూడండి. ఆ కట్టడం చుట్టూ వాహనాలు లేకుండా చేయాలన్న ఆలోచన రెండు దశాబ్దాలకు పైబడినది. వాహనాలను మళ్ళించడానికి చుట్టూ లోపలి, బయటి వలయ రహదారులు ముందుగా సిద్ధం కావాలన్నది ప్రణాళిక. అవి సాగుతూ పోయాయి. గ్రానైటు రాళ్ళు మాత్రం పరిచారు, వాహనాలను ఆపారు. ఫలితం మీకు తెలిసినదే. పొగ తగ్గింది, కట్టడానికి మేలు జరిగింది, పిల్లలతో వచ్చినవారు ఆ నేల మీద కాసేపు నిర్భయంగా నిలబడగలిగారు. ఇవి చిన్న విషయాలు కావు, వాటిని నేను తక్కువ చేయను. అయితే ఆ జాగాలో ఎవరు కూర్చోవాలి, ఎవరు అమ్మాలి, సరుకు ఎప్పుడు దిగాలి, మరుగుదొడ్డి ఎక్కడ, వృద్ధులను దుకాణం దాకా చేర్చేదెవరు అన్న ప్రశ్నలు పోలీసులకూ చిరువ్యాపారులకూ మధ్య రోజువారీ పెనుగులాటగా మిగిలిపోయాయి. వీధికి యజమాని లేకపోతే లాఠీయే యజమాని అవుతుంది.

ఢిల్లీలోని చాందినీ చౌక్ కథ ఇంకా స్పష్టమైనది. ఎర్రకోట నుండి ఫతేపురి మసీదు దాకా సుమారు 1.3 కిలోమీటర్ల వీధిని ఎర్రరాతితో తీర్చిదిద్ది 2021 సెప్టెంబరులో ప్రారంభించారు. ఉదయం 9 నుండి రాత్రి 9 దాకా మోటారు వాహనాలు రాకూడదు, సరుకు రాత్రి దించుకోవాలి, పగలు సైకిలు రిక్షాలు తిరగవచ్చు. కాగితం మీద ఇంతకన్నా మంచి నియమావళి ఉండదు. తరువాతి సంవత్సరాల్లో అదే వీధిలో నిషేధిత వేళల్లో ద్విచక్ర వాహనాలు తిరుగుతున్నాయనీ, అడ్డుస్తంభాలు విరిగాయనీ, రాళ్ళు లేచాయనీ వ్యాపారులే ఫిర్యాదు చేశారు. మొదట ఈ పథకాన్ని అనుమానించినవారే తరువాత "నియమాన్ని అమలు చేయండి" అని అడిగే స్థితి వచ్చింది. ఔషధం పనిచేయలేదని రోగి అన్నప్పుడు వైద్యుడు మొదట అడిగేది "రోజూ వేసుకున్నారా?" అని. ఈ వీధులకు ఔషధం రోజూ వేయలేదు.

రోజూ వేసిన చోటు ఒకటి మనందరికీ తెలుసు. తిరుమల మాడ వీధులు. సాధారణ వాహనాలు తిరగవు, ఊడ్చేవారు ఊడుస్తూనే ఉంటారు, నీళ్ళు ఉంటాయి, నీడ ఉంటుంది, జనాన్ని ఎటు మళ్ళించాలో చెప్పే మనిషి ఎప్పుడూ ఉంటాడు. ఎండాకాలంలో నేల కాలకుండా నడిచే దారిలో చలువ రంగు వేస్తారు. దానిని మనం పుణ్యక్షేత్రంగా చూస్తాం కాబట్టి అదొక పాదచారుల వీధి అన్న ఆలోచన మనకు రాదు. అక్కడ ఖర్చు పెట్టేవారున్నారు, ఇక్కడ లేరు అంటారా? నిజమే, దేవస్థానం సంపద బొల్లారానికి లేదు. కానీ ఒక ఫర్లాంగు బజారును శుభ్రంగా, వాహనరహితంగా ఉంచడానికి కావలసినది సంపద కాదు. ఊడ్చే నలుగురు, కాపలా ఉండే ఇద్దరు, వారి పని చూసే ఒక బాధ్యుడు. ఈ జీతాలు బడ్జెట్టులో మొదటి సంవత్సరమే కాక ప్రతి సంవత్సరం ఉండాలి.

ఇక చిరువ్యాపారుల సంగతి. ఇక్కడే నాకు కోపం వస్తుంది, దాచుకోను.

2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. కాలిబాటను వాడుకునే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని, ఆ బాటలు వికలాంగులకు కూడా అనువుగా ఉండాలని, ఆక్రమణలు తొలగించాలని అన్నది. ఆ మాటలో కొందరు అధికారులకు వినబడేది చివరి పదం ఒక్కటే. మరునాడు మిర్చీ బండి ఎత్తుకుపోతారు. కాలిబాట మీద అడ్డంగా ఉన్న ట్రాన్స్‌ఫార్మరు కదలదు. దుకాణాదారు మూడడుగులు ముందుకు జరిపి కట్టిన మెట్లు కదలవు. నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కదలదు. నాలుగు చక్రాల తోపుడు బండికి చక్రాలున్నాయి కాబట్టి అదొక్కటే కదులుతుంది.

2014 నాటి వీధి విక్రేతల చట్టం ఏమంటున్నదో ఆ అధికారులకు తెలియకపోదు. ముందు సర్వే జరగాలి. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించరాదు. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి విక్రేతల ప్రతినిధులే ఉండాలి, ఆ ప్రతినిధుల్లో మూడవ వంతు స్త్రీలు ఉండాలి. పాదచారుల హక్కును చూపి విక్రేతల హక్కును తొక్కడం న్యాయం కాదు. ఆరోగ్య దృష్టితో చూసినా అది తెలివితక్కువ పని. రాత్రి పది గంటలకు షిఫ్టు దిగి వచ్చే యువతికి వీధిలో ధైర్యం ఇచ్చేది ఏమిటి? వెలుగుతున్న బండి దీపం, ఇడ్లీలు వేసే అమ్మ, అరటిపండ్లు అమ్మే ముసలాయన. వారిని తరిమేసి అందమైన దీపస్తంభాల కింద ఖాళీ రాతి నేలను ఉంచితే ఆ అమ్మాయి అటు రాదు. పైగా పన్నెండు గంటలు పనిచేసి గదికి చేరే ఒంటరి కార్మికుడికి వేడి అన్నం, గుడ్డు, పండు అందుబాటు ధరలో దొరికేది ఆ బండ్ల దగ్గరే. వాటికి నీటి కుళాయి, చెత్తబుట్ట, చేతులు కడుక్కునే చోటు ఇవ్వండి. విరేచనాల కేసులు తగ్గుతాయి. నడిచే దారి ఒక వరుస, బండ్లది ఒక వరుస, మధ్యలో గీత. ఆ గీతను కాపాడే పని బండ్లవారి కమిటీకే అప్పగించండి, తమ జాగా పోతుందంటే గీత దాటినవాడిని వారే వెనక్కి లాగుతారు.

శాశ్వత దుకాణాల యజమానుల భయం వేరు. "కారు రాకపోతే బేరం రాదు." ఈ భయాన్ని నేను ఎగతాళి చేయను, వారి అప్పులూ అద్దెలూ నిజమైనవి. కానీ ఒక్క సాయంత్రం తమ గడప దాటి లోపలికి వచ్చినవారిలో ఎంతమంది కారు దిగి వచ్చారో వారే లెక్కపెట్టుకోవాలని కోరుతున్నాను. బొల్లారం బజారు బ్రతుకుతున్నది కాలినడకన వచ్చే జీతగాళ్ళ మీద. కోపెన్‌హాగెన్ నగరం 1962లో తన ప్రధాన వ్యాపార వీధి స్ట్రోగెట్‌ను వాహనాలకు మూసినప్పుడు అక్కడి వర్తకులు కూడా ఇలాగే భయపడ్డారు. చలిదేశపువారు వీధుల్లో తిరగరు, అదంతా ఇటలీవారి అలవాటు అన్నారు. తొలుత ప్రయోగంగా చేశారు, రెండేళ్ళకు శాశ్వతం చేశారు. అరవై ఏళ్ళు దాటినా ఆ వీధి నడకకే ఉంది. మనది ఆ దేశం కాదు, నిజమే. మనది శతాబ్దాలుగా సంతల్లో, జాతరల్లో, రథోత్సవాల్లో కాలినడకన తిరిగిన దేశం. మనకు ఈ అలవాటు కొత్తగా నేర్పవలసిన పని లేదు.

ఆ ప్రయోగం మాట గుర్తుంచుకోండి. రాళ్ళు పరచక ముందే, టెండరు పిలవక ముందే మూడు నెలలపాటు సాయంత్రం ఐదు నుండి రాత్రి పదిన్నర దాకా బజారులోని ఒక ముక్కను వాహనాలకు మూసి చూడాలి. ఖర్చు నాలుగు ఇనుప అడ్డుకట్టలు, ఇద్దరు కాపలాదారులు. పదిన్నర ఎందుకంటే పదికి షిఫ్టు మారుతుంది. తొమ్మిదికే గేటు తీస్తే, ఎక్కువమంది నడిచే ఆ అరగంటలోనే వాహనాలను లోపలికి వదిలినట్టవుతుంది. ఢిల్లీ వేళలు ఇక్కడ పనికిరావు, ఈ ఊరి వేళలు కర్మాగారం సైరను చెబుతుంది. సరుకు ఉదయం దించుకోవచ్చు. ట్యాంకర్లకు మాత్రం ఏ వేళలోనూ బజారులో ప్రవేశం ఉండకూడదు. రసాయనాల ట్యాంకరు జనం మధ్య ఒక్కసారి కారితే జరిగేది ప్రమాదం అన్న మాటకు అందదు. ఔటర్ రింగ్ రోడ్డు దగ్గరలోనే ఉంది, వాటికి వేరే దారి నిర్ణయించడం అసాధ్యమేమీ కాదు.

వీధి రెండు చివర్లా బస్సు ఆగాలి. 2023 డిసెంబరు నుండి స్త్రీలకు ఆర్టీసీ బస్సులో ప్రయాణం ఉచితమైంది. బస్సు దిగిన తరువాత ఆమె ఎలా నడుస్తుందన్నది మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

ఇక వైద్యుడిగా కొన్ని కొలతలు. ఇంజనీర్లు విసుక్కున్నా చెబుతాను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం కాలిబాటలో ఏ అడ్డూ లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. మన ఊళ్ళలో కాలిబాట కట్టినచోట దాని ఎత్తు కొన్నిసార్లు మోకాలి దగ్గరికి వస్తుంది. కార్లు ఎక్కకుండా అంత ఎత్తు పెట్టామంటారు. కార్లు ఎక్కవు, కీళ్ళవాతం ఉన్న మనిషి కూడా ఎక్కడు. అతడు రోడ్డు మీదే నడుస్తాడు. పాదచారుల వీధిలో ఆ అంచే ఉండకూడదు, గోడ నుండి గోడ దాకా ఒకే మట్టం ఉండాలి. నునుపైన గ్రానైటు వద్దు, తొలి వానకే అది నూనె పోసిన నేలవుతుంది. కాలువ మీద ఇనుప జల్లెడ వేస్తే దాని సందులో చేతికర్ర మొన, చక్రాల కుర్చీ ముందు చక్రం దిగబడకుండా ఉండాలి.

మధుమేహం ఉన్నవారి పాదాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఏళ్ళ తరబడి చక్కెర అదుపులో లేనివారికి అరికాళ్ళలో స్పర్శ పోతుంది. చెప్పులో గులకరాయి చేరినా, మేకు గుచ్చుకున్నా తెలియదు. సాయంత్రం సాక్సు మీద నెత్తురు చూసి ఇంట్లోవారు చెప్పాలి. ఆ చిన్న గాయం మురుగునీటిలో తడిసి, పుండై, ఎముకకు పాకి, చివరికి వేలో పాదమో తీసేయవలసి వస్తుంది. పగిలిన నేల, పొంగే కాలువ ఉన్న బజారులో అలాంటి రోగిని "రోజూ అరగంట నడవండి" అని పంపడం ఎంతవరకు వైద్యం? నేల సరిగా ఉండడం మందుల్లో భాగమే.

కూర్చోవడానికి అరుగులు కావాలి. కాళ్ళలో రక్తనాళాలు సన్నబడినవారు, గుండె బలహీనంగా ఉన్నవారు వంద అడుగులు నడిచి ఆగాలి, ఊపిరి పీల్చుకుని మళ్ళీ నడవాలి. ఆగడానికి చోటు లేనివారు అసలు బయలుదేరరు. అరుగు మీద యువకులు కాలక్షేపం చేస్తారని అరుగులే పీకేసిన ఊళ్ళు నేనెరుగుదును. కూర్చోనివ్వండి. మరుగుదొడ్ల సంగతి స్త్రీలు బయటికి చెప్పరు కాబట్టి నేను చెబుతాను. బజారులో మరుగుదొడ్డి లేదని మధ్యాహ్నం నుండి నీళ్ళు తాగడం మానేసే స్త్రీలు ఉన్నారు. మూత్రంలో మంట, పదేపదే ఇన్ఫెక్షన్లు, కొందరికి మూత్రపిండాల దాకా వెళ్ళే జబ్బు. కట్టి తాళం వేసిన మరుగుదొడ్డి లేనిదానితో సమానం. తాళంచెవి పట్టుకుని జీతం తీసుకునే మనిషి ఒకరు ఉండాలి.

నీడకు వేప, కానుగ చాలు. త్వరగా పచ్చబడుతుందని కోనోకార్పస్ వరుసలు నాటకండి, గుజరాత్ ప్రభుత్వం 2023లో దానిని నాటడమే నిషేధించింది.

ఇక్కడ ఒక పాఠకుడు తప్పక అడుగుతాడు: "డాక్టరుగారూ, బొల్లారం గాలి పీల్చుకుంటూ నడవమంటారా?" సరైన ప్రశ్న. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ కట్టినప్పుడు 70 దాటి తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా తేలిన 43 చోట్లలో పటాన్‌చెరు–బొల్లారం ఒకటి. ఈ ప్రాంతపు నీటి కోసం, గాలి కోసం పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ అల్లాని కిషన్ రావుగారు దశాబ్దాలపాటు పోరాడారు. ఆ చరిత్ర తెలిసిన ఎవరూ ఇక్కడి గాలిని మంచిదనరు. కానీ పీల్చడం మానుకునే వీలు ఎవరికుంది? గదిలో ఉన్నా, ఆటోలో ఉన్నా, బజారులో ఉన్నా అదే గాలి. దానికి తోడు బజారులో ముఖం ఎత్తులో డీజిలు పొగ కలుస్తున్నది. డీజిలు ఇంజను పొగ మనుషుల్లో క్యాన్సరు కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే నిర్ధారించింది. చిమ్నీ పొగ ఆపడానికి పోరాటం సాగాలి. ఆ లోగా సైలెన్సరు పొగనైనా బజారు నుండి తీసేయవచ్చు. ఒకటి రెండవదానికి బదులు కాదు.

ఆ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, నాకొక భయముంది. కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత పనులకు ఖర్చు చేయాలి. రేపు ఏదో ఒక కంపెనీ ముందుకు వచ్చి బజారుకు టైల్సు వేయిస్తుంది, పూలకుండీలు పెట్టిస్తుంది, ప్రతి అరుగు మీద తన పేరు చెక్కిస్తుంది. ఊరు ధన్యవాదాలు చెబుతుంది. ఆ తరువాత రాత్రిపూట వాసన వస్తున్నదని ఫిర్యాదు చేసిన మనిషికి "మీ బజారు బాగుచేసింది వారే కదా" అని సమాధానం వస్తుంది. డబ్బు తీసుకోండి, తప్పు లేదు. ఆ డబ్బుతో ముందుగా మరుగుదొడ్లు, కాలువలు కట్టించండి. అరుగుల మీద పేర్లు వద్దు. పూలకుండీ ఏ కర్మాగారపు వ్యర్థజలాన్నీ శుద్ధి చేయదు.

అంబులెన్సు ఎలా వస్తుందన్నది చివరి అభ్యంతరం, అన్నిటికన్నా తేలికైనది. వీధి మధ్యలో అంబులెన్సు పట్టేంత దారి ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి, చివర్లో తీసి పక్కన పెట్టగలిగే స్తంభాలు ఉండాలి, కాపలాదారు దగ్గర తాళంచెవి ఉండాలి. మనుషులు పక్కకు తప్పుకుంటారు. ఆగిపోయిన లారీ తప్పుకోదు. ఇవాళ సాయంత్రం ఆరు గంటలకు ఆ బజారు మధ్యలో ఒకరికి గుండెనొప్పి వస్తే 108 వాహనం ఎన్ని నిమిషాలకు చేరుతుందో అభ్యంతరం చెప్పేవారే ఊహించి చెప్పాలి.

నగర పాలక సంస్థలో విలీనంతో పాటు కొత్త పటాలు, కొత్త అంచనాలు తయారవుతాయి. పటం మీద గీత పడిన తరువాత మార్చడం ఎంత కష్టమో సర్వీసులో ఉన్నప్పుడు ఆసుపత్రి భవనాల విషయంలో చూశాను. ర్యాంపు మరచిపోయిన భవనానికి తరువాత ర్యాంపు కట్టడానికి ఏళ్ళు పట్టింది. కాబట్టి గీత పడక ముందే అడగాలి. సోమవారం సంగారెడ్డి కలెక్టరేటులో ప్రజావాణి ఉంటుంది. ఒక్క పేజీ అర్జీ చాలు: బజారులో మూడు నెలల సాయంత్రపు ప్రయోగం, ట్యాంకర్లకు వేరే దారి, విక్రేతల సర్వే, స్త్రీలకు తెరిచి ఉండే మరుగుదొడ్డి. తెలుగు చదవడం రాని ఒడియా, హిందీ కార్మికులకు దానిని చదివి వినిపించి వారి సంతకాలు కూడా తీసుకోండి, ఆ వీధిలో ఎక్కువ నడిచేది వారే. అర్జీతో పాటు, వీలైతే, ఒక సాయంత్రం అరగంటసేపు వీధి మొదట నిలబడి ఎంతమంది నడిచి వచ్చారో, ఎన్ని కార్లు వచ్చాయో లెక్క రాసి జతచేయండి. ఆ కాగితం రసీదు తీసుకోవడం మరవకండి.